డండాక్‌లో హర్లింగ్ పిల్లలు తగ్గిపోతున్నారు. ఫుట్‌బాల్ ఊళ్లలో మీరు ఈ ఆటని ఎలా నిలబెడుతున్నారు?

లౌత్_నాన్న

అందరికీ నమస్తే. మేము ఐర్లాండ్‌లో లౌత్ కౌంటీలోని డండాక్‌లో ఉంటాం. మా వాడికి తొమ్మిదేళ్లు, హర్లింగ్ అంటే ప్రాణం. టీవీ చూస్తున్నా సరే, చేతిలో హర్లీ కర్ర ఉంటుంది, దాని మీద బంతి ఎగురుతూనే ఉంటుంది. వాడితో ఆడే పిల్లలే ఏటికేడు తగ్గిపోతున్నారు. అదే నా బాధ.

2025లో లౌత్ ఫుట్‌బాల్ జట్టు మా లెన్‌స్టర్ ప్రాంతపు టైటిల్ కొట్టింది. 1957 తర్వాత మళ్లీ అప్పుడే. ఊరూవాడా ఎరుపు తెలుపు జెండాలు. నేనూ పిల్లాణ్ణి వెంటేసుకుని సంబరాల్లో తిరిగాను. ఆ గెలుపు మీద నాకు ఏ అసూయా లేదు. కానీ ఆ తర్వాత హర్లింగ్ ప్రాక్టీస్‌కి రెండు జట్లు కట్టేంతమంది రావడమే గగనం అయిపోయింది. కొన్ని శనివారాలు నేనే హర్లీ పట్టుకుని లెక్క సరిచేస్తున్నాను.

మా ఇంటి నుంచి కూలీ కొండలు కనిపిస్తాయి. సెటాంటా అనే పిల్లాడు హర్లీతో బంతి కొట్టుకుంటూ, దాని వెంట పరుగెత్తుకుంటూ రాజు కోటకి వెళ్లాడని కథ. అతనే పెద్దయ్యాక పురాణ వీరుడు కుహులిన్ అయ్యాడు. ఆ కథ మీదే ఇక్కడ ఏటా పోక్ ఫాడా పోటీ జరుగుతుంది. కొండ మీద సుమారు 5 కిలోమీటర్ల దారి, ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని చివరిదాకా చేరిస్తే వాళ్లు గెలిచినట్టు. 1960ల మొదట్లో దాన్ని మొదలుపెట్టింది కూడా ఈ చుట్టుపక్కల హర్లింగ్ వాళ్లే. దేశమంతటి నుంచీ ఆటగాళ్లు మా కొండకి వస్తారు, మా ఊళ్లో మాత్రం పిల్లలు దొరకరు. మీ మీ ఊళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

కొత్తగా_గాల్వే

అన్నా, నేను గాల్వే వచ్చి కొన్ని నెలలే అయింది. హర్లింగ్ అంటే హాకీ లాంటిదా? ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసిన సాకరేనా? రెండిటికీ పోటీ ఎందుకొస్తుందో అర్థం కాలేదు.

లూకన్_కోచ్

తమ్ముడూ, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే గేలిక్ ఫుట్‌బాల్. బంతిని చేత్తోనూ ఆడొచ్చు, కాలితోనూ ఆడొచ్చు. హర్లింగ్‌లో కర్ర ఉంటుంది, దాన్నే హర్లీ అంటారు. బంతిని స్లిటర్ అంటారు, బరువు 110 నుంచి 120 గ్రాములు. రెండు ఆటల్లోనూ పెద్దలైతే జట్టుకి 15 మంది. గోల్‌పోస్టు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది. హర్లింగ్‌లో బంతి అడ్డకర్ర కింద నెట్‌లోకి వెళ్తే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి వెళ్తే ఒక పాయింటు. హాకీకీ దీనికీ పెద్ద తేడా ఏమిటంటే, ఇక్కడ బంతి గాల్లోనే ఎక్కువ ఉంటుంది. నేల మీద ఉన్న బంతిని చేత్తో ఎత్తితే ఫౌల్, హర్లీతోనే లేపి పట్టుకోవాలి.

పోటీ ఎందుకంటే, రెండు ఆటలకీ సంఘం ఒకటే. 1884 నవంబర్ 1న థర్లెస్ ఊళ్లో హేస్ హోటల్‌లో పుట్టిన జీఏఏ, అంటే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. చాలా చోట్ల క్లబ్బు ఒకటే, మైదానం ఒకటే, కోచ్‌లూ పిల్లలూ వాళ్లే. కాబట్టి ఒక ఆటకిచ్చిన సాయంత్రం ఇంకో ఆటకి పోయినట్టే. దేశంలో చాలా కౌంటీల్లో ఆ సాయంత్రం ఫుట్‌బాల్‌కే పోతుంది. హర్లింగ్‌లో ఆల్ ఐర్లాండ్, అంటే జాతీయ టైటిళ్లు చూడు, 2025 వరకు కిల్కెన్నీకి 36, కార్క్‌కి 30, టిపరరీకి 29. ముగ్గురి దగ్గరే ఇన్ని ఉన్నాయంటే మిగతా కౌంటీల సంగతి ఊహించుకో.

లౌత్_నాన్న గారూ, పిల్లలు జారిపోవడానికి అసలు కారణం ఫుట్‌బాల్ గెలుపు ఒక్కటే కాదని నేను అనుకుంటాను. ఫుట్‌బాల్‌లో ఏ పిల్లాడైనా మొదటి రోజే బంతిని తన్నగలడు. హర్లింగ్‌లో మొదటి కొన్ని నెలలు బంతి కర్రకి తగలనే తగలదు. తగిలినా లేవదు. ఏడెనిమిదేళ్ల పిల్లాడికి అది చాలా చిన్నతనంగా ఉంటుంది. ఆ కొన్ని నెలలు వాణ్ణి పట్టుకోగలిగితే ఇక వదలడు. మన పని అంతా ఆ నెలల్లోనే.

నోర్_ఒడ్డు_అక్క

నేను కిల్కెన్నీలో నర్సుని. ఇక్కడ పరిస్థితి మీకు పూర్తిగా తలకిందులు. కిల్కెన్నీ సీనియర్ జట్టు జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడి పదేళ్లు దాటిపోయింది. ఇక్కడ ఆదరణ లేని ఆట ఫుట్‌బాలే.

పుట్టుకతో ఎవరికీ ఏ ఆటా రాదు. మా వీధిలో పిల్లలు స్కూలుకి బ్యాగుతోపాటు హర్లీ తీసుకెళ్తారు. ఇంటర్వెల్‌లో ఆడతారు, బస్ కోసం నిలబడి ఆడతారు, ఇంటికొచ్చాక గోడకేసి కొడతారు. టీచర్లలో చాలామంది ఒకప్పుడు క్లబ్బుకి ఆడినవాళ్లే. వారానికి ఒక్క గంట ప్రాక్టీస్ చేసే పిల్లాడికీ, రోజంతా కర్ర చేతిలో ఉండే పిల్లాడికీ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుసు. మీ ఊళ్లో మొదట మాట్లాడాల్సింది స్కూలుతో అని నా సలహా. ఆటస్థలంలో బంతి కొట్టుకోవడానికి ఒక గోడ అడగండి, చాలు. చిన్నపిల్లలకి మెత్తటి బంతులు వస్తాయి, కిటికీల భయం ఉండదు.

గ్లెన్స్_వాసి

ఆంట్రిమ్ నుంచి. ఉత్తరాన అల్‌స్టర్ ప్రాంతం అంతా ఫుట్‌బాల్ రాజ్యం అంటారు కదా, మా గ్లెన్స్ వైపు వచ్చి చూడండి. కుషెన్‌డాల్, డన్‌లాయ్, లాక్‌గీల్ లాంటి ఊళ్లలో హర్లింగే ఆట. లాక్‌గీల్ 1983లోనూ 2012లోనూ ఆల్ ఐర్లాండ్ క్లబ్ ఛాంపియన్. 1989లో ఆంట్రిమ్ కౌంటీ జట్టు ఆల్ ఐర్లాండ్ ఫైనల్ దాకా వెళ్లింది. టిపరరీ చేతిలో బాగానే ఓడింది, అయినా ఆ సంవత్సరం గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, పక్కూరి మీద గెలవాలన్న పట్టుదల ఎక్కువ. పది మైళ్ల లోపలే గట్టి ప్రత్యర్థి దొరుకుతాడు. డౌన్ కౌంటీలో ఆర్డ్స్ ద్వీపకల్పంలోనూ అంతే, పోర్టాఫెరీ, బాలీక్రాన్, బాలీగాల్గెట్ మూడూ పక్కపక్కనే. ఆట బతకాలంటే ఒక మంచి క్లబ్బు సరిపోదు. దానికి పక్కనే ఇంకో క్లబ్బు కావాలి.

రెండు ఆటలూ ఒకే చోట బతకవని ఎవరైనా అంటే డెర్రీలోని స్లాక్ట్‌నీల్ చూపించండి. ఫుట్‌బాల్ కౌంటీలో చిన్న పల్లె. 2016లో ఒకే ఏడాది ఫుట్‌బాల్, హర్లింగ్, కమోగీ (ఆడవాళ్లు ఆడే హర్లింగ్) మూడిట్లోనూ అల్‌స్టర్ క్లబ్ టైటిల్ గెలిచింది. ఆటగాళ్లు చాలామంది వాళ్లే. కోచ్‌లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని వారాలు పంచుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

డ్రోగెడా_శ్రీను

నాది కొంచెం వేరే మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను కూడా లౌత్‌లోనే ఉంటాను. 2023 చివర్లో జీఏఏలో ఒక ప్రతిపాదన వచ్చింది, గుర్తుందా? క్లబ్బులు మరీ తక్కువున్న ఐదు కౌంటీలు, అంటే కావన్, ఫర్మానా, లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్, లౌత్, వీటి పెద్దల జట్లని జాతీయ హర్లింగ్ లీగ్ నుంచి తప్పించి, ఆ డబ్బు పిల్లల కోచింగ్‌కి మళ్లిద్దాం అన్నారు. పెద్ద గొడవయ్యాక వదిలేశారు. నాకైతే అందులో న్యాయం కనిపించింది. ముప్పైమంది పెద్దవాళ్ల ప్రయాణాలకీ భోజనాలకీ పెట్టే ఖర్చుతో స్కూళ్లకి ఇద్దరు కోచ్‌లని పంపొచ్చు కదా? కింద పిల్లలే లేనప్పుడు పైన జట్టు ఎంతకాలం నడుస్తుంది?

లూకన్_కోచ్

శ్రీను గారూ, కింద పిల్లలు కావాలన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ జట్టు తీసేస్తే ఆ డబ్బు నిజంగా పిల్లల దాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఒకసారి కౌంటీ జట్టు పోతే దాన్ని అడిగే మనిషే మిగలడు.

షానన్_వాణి

ఆ ప్రతిపాదన వచ్చిన రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. మేము లీట్రిమ్‌లో ఉంటాం. జనాభాలో దేశంలోకెల్లా చిన్న కౌంటీ, అదీ పూర్తిగా ఫుట్‌బాల్ కౌంటీ.

శ్రీను గారూ, జాక్ మొరాడి పేరు వినే ఉంటారు. ఇరాక్‌లో శరణార్థి శిబిరంలో పుట్టిన కుర్దు పిల్లాడు. 2002లో కుటుంబంతో క్యారిక్ ఆన్ షానన్ వచ్చాడు. ఇంగ్లిష్ రాదు, ఎవరూ తెలీదు. చేతికి హర్లీ వచ్చింది. అతనే లీట్రిమ్ కౌంటీ జెర్సీ వేసుకుని 2019లో డబ్లిన్‌లోని జీఏఏ పెద్ద మైదానం క్రోక్ పార్క్‌లో లోరీ మాహర్ కప్ గెలిచిన జట్టులో ఆడాడు. ఫైనల్లో లాంకషైర్ మీద ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లి గెలిచారు. లోరీ మాహర్ అంటే కౌంటీ పోటీల్లో అన్నిటికన్నా కింది మెట్టు. మీ లెక్క ప్రకారం అది ఖర్చు. ఆ రోజు క్రోక్ పార్క్‌లో లీట్రిమ్ జెర్సీలు చూసిన ఇక్కడి పిల్లలకి మాత్రం, హర్లింగ్ ఆడితే మనమూ అక్కడికి వెళ్లొచ్చు అని తెలిసింది.

మా అమ్మాయి కమోగీ ఆడుతుంది. మన రంగు పిల్లలు ఇక్కడ ఆడొచ్చా అని మా అత్తగారు అడిగినప్పుడు నేను చూపించింది అతని ఫొటోనే.

డ్రోగెడా_శ్రీను

వాణి గారూ, ఆయన సంగతి నాకు తెలుసు, గౌరవం కూడా ఉంది. అయినా అలాంటి ఒక్క మనిషిని చూసి మొత్తం పద్ధతి సరైనదే అనలేం. జట్టు ఉండాలి, కోచ్‌లూ ఉండాలి అంటే నాకేం అభ్యంతరం లేదు. రెండోది జరగడం లేదన్నదే నా కోపం.

ట్రాలీ_తేజ

ఆ కోపం కెర్రీలో మాకూ ఉంది. కెర్రీ అంటే ఫుట్‌బాల్, 2025 వరకు 39 ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు. కానీ ఉత్తర కెర్రీలో బాలీడఫ్, లిక్స్‌నా, కాజ్‌వే, ఆబీడోర్నీ, కిల్‌మాయ్‌లీ లాంటి ఊళ్లున్నాయి. అక్కడ పిల్లలకి హర్లింగ్ తర్వాతే ఏదైనా. 1891లో కెర్రీ హర్లింగ్ ఆల్ ఐర్లాండ్ గెలిచిందంటే బయటివాళ్లు నమ్మరు. గెలిచింది, బాలీడఫ్ వాళ్లే గెలిపించారు.

మాకు కష్టం ఎక్కడొచ్చిందంటే పైమెట్టు ఎక్కే దగ్గర. రెండో శ్రేణి పోటీ జో మెక్‌డొనా కప్‌లో 2020, 2021, 2022 వరసగా మూడేళ్లు ఫైనల్ ఆడి ఓడాం. ఇంకో సంగతి, మిగతా కౌంటీలు ఆ కప్ గెలిస్తే నేరుగా పైకి వెళ్తాయి. కెర్రీ గెలిస్తే మాత్రం మా మన్‌స్టర్ ప్రాంతపు పోటీలో చివర వచ్చిన జట్టుతో ఇంకో మ్యాచ్ ఆడి గెలవాలన్నది నిబంధన. అంత కష్టపడ్డాక ఇంకో తలుపు మూసి ఉంటే కుర్రాళ్ల మనసెలా ఉంటుంది? బలహీన కౌంటీలకి హర్లింగ్ పెంచండి అని చెప్పేవాళ్లు ముందు నిచ్చెన మీద మెట్లన్నీ ఉన్నాయో లేదో చూడాలి.

టలమోర్_రావు

కిందపడి లేచిన కౌంటీ గురించి నేను చెప్తాను. ఆఫలీ 1981, 1985, 1994, 1998లో ఆల్ ఐర్లాండ్ గెలిచింది. ఇది ఫుట్‌బాల్ కూడా గట్టిగా ఆడే కౌంటీ, జనాభా చిన్నది. తర్వాత దిగిపోతూ దిగిపోతూ 2020కి మూడో శ్రేణి క్రిస్టీ రింగ్ కప్‌లో పడింది. నేను వచ్చిన కొత్తలో ఇక్కడి పెద్దాయన ఒకరు మైదానం బయట నిలబడి 1998 జట్టులో పదిహేను పేర్లూ వరసగా చెప్పి, ఇప్పటి జట్టు గురించి అడిగితే తల తిప్పుకున్నాడు.

2024లో అండర్ 20 జట్టు ఆల్ ఐర్లాండ్ గెలిచింది. అదే ఏడాది పెద్దలు జో మెక్‌డొనా గెలిచి మళ్లీ పై శ్రేణికి వచ్చారు. కౌంటీ అలా దిగిపోతూ వచ్చిన రోజుల్లో ఆ అండర్ 20 కుర్రాళ్లు ఇంకా చిన్నపిల్లలు. అంటే కౌంటీ పరువు పోయిన ఆ సంవత్సరాల్లోనే ఎవరో క్లబ్బుల్లో, స్కూళ్లలో వాళ్లకి ఓపిగ్గా నేర్పారు. పేపర్లో వాళ్ల ఫొటోలు రాలేదు. లౌత్_నాన్న గారూ, ఇప్పుడు మీరు చేస్తున్నది అదే పని.

మాయో_అమ్మ

మేము మాయో కౌంటీలోని బాలీహానిస్‌లో ఉంటాం. మాయో ఫుట్‌బాల్ పిచ్చి గురించి చెప్పక్కర్లేదు. 1951 తర్వాత ఆల్ ఐర్లాండ్ రాకపోయినా జనం ఒక్క ఏడాది కూడా వదల్లేదు. అలాంటి చోట మా పక్కనే టూరీన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ హర్లింగే. 2023 జనవరిలో టూరీన్ క్రోక్ పార్క్‌లో ఆల్ ఐర్లాండ్ ఇంటర్మీడియెట్ (రెండో శ్రేణి) క్లబ్ ఫైనల్ ఆడింది. మాయో నుంచి హర్లింగ్ జట్టు!

ఇక్కడ వలస కుటుంబాలు చాలా ఎక్కువ. పాకిస్తాన్, సిరియా, తూర్పు యూరప్, ఇప్పుడు మనవాళ్లు. పాకిస్తాన్‌లో పుట్టిన షైరోజ్ అక్రమ్ బాలాడరీన్ క్లబ్ కుర్రాడు, 2016లో మాయో అండర్ 21 ఫుట్‌బాల్ జట్టుతో ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. పిల్లలు కరువైన క్లబ్బులు పాత కుటుంబాల ఇళ్ల తలుపులే మళ్లీ మళ్లీ తడుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి ఒక్కసారి వచ్చి, "శనివారం మీ పాపని పంపండి, హర్లీ మేమిస్తాం" అంటే ఎంతమంది వస్తారో! మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ కోచింగ్ గురించి రోజూ మెసేజ్‌లు వస్తాయి. హర్లింగ్ గురించి ఎవరూ పెట్టరు, ఎందుకంటే మనల్ని ఎవరూ పిలవలేదు, మనమూ అడగలేదు.

లూకన్_కోచ్

అక్కా, భలే చెప్పారు. మా దగ్గర మన పిల్లలు వస్తున్నారు కాబట్టి ఒక పనికొచ్చే విషయం చెప్తాను. క్రికెట్ ఆడిన పిల్లలకి కన్ను, టైమింగ్ ముందే వచ్చేసి ఉంటాయి. బంతి తగలని ఆ మొదటి నెలలు వీళ్లకి చాలా తగ్గిపోతాయి. పట్టు మాత్రం తిరగబడి ఉంటుంది. క్రికెట్‌లో కుడిచేతివాటం పిల్లాడు బ్యాట్ పట్టుకుంటే ఎడమచెయ్యి పైన ఉంటుంది. హర్లింగ్‌లో బలమైన చెయ్యే పైన ఉండాలి. ఎందుకంటే పరుగెత్తేటప్పుడు కర్ర ఒక్క కుడిచేతిలోనే ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉండి బంతి పడుతుంది. మొదటి రోజే హర్లీ పిడి మీద పైభాగంలో రంగు టేపు చుట్టి, "కుడిచెయ్యి ఇక్కడ" అని చెప్పండి. అలవాటైపోయాక మార్చడం చాలా కష్టం.

ఇంకోటి మ్యాచ్‌ల సంగతి. ప్రాక్టీస్ ఎంత బాగున్నా ఆడటానికి ప్రత్యర్థి లేకపోతే పిల్లలు ఉండరు. హర్లింగ్ క్లబ్బులు తక్కువున్న కౌంటీల కోసమే టాన్ ఓగ్ లీగ్ ఉంది. కౌంటీ గీతలు దాటి, దగ్గరున్న వేరే కౌంటీ క్లబ్బులతో మ్యాచ్‌లు పెడతారు. మీ క్లబ్బు అందులో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే చేర్పించమని అడగండి. గ్లెన్స్_వాసి గారు చెప్పిన "పక్క క్లబ్బు" మీకు దొరికేది అక్కడే.

కొత్తగా_గాల్వే

ఖర్చు ఎంతవుతుంది అన్నా? మా అక్క పిల్లల కోసం అడుగుతున్నా.

నోర్_ఒడ్డు_అక్క

ఫుట్‌బాల్ కన్నా ఎక్కువే అవుతుంది, అది దాచడం ఎందుకు. హెల్మెట్ అందరికీ తప్పనిసరి, 2010 నుంచి పెద్దలకి కూడా. పాతది తీసుకుంటే ఫేస్‌గార్డ్ కడ్డీలు ఎవరూ వంచలేదని, కొయ్యలేదని చూసుకోండి. హర్లీ పిల్లలతోపాటు పెరగాలి, కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. పిల్లాడి పక్కనే కర్రని నేల మీద నిలబెడితే దాని పైకొస తుంటి ఎముక దగ్గరికి రావాలి. అంతకన్నా పొడుగు కొనకండి, "పెరుగుతాడులే" అని మనవాళ్లు చెప్పుల లెక్కన కొంటారు, కర్ర పొడుగైతే పిల్లాడు బంతిని లేపలేడు.

కర్రలు మామూలుగా యాష్ చెట్టుతో చేస్తారు. వేరు దగ్గర మొదలు ఎలా వంపు తిరుగుతుందో, కర్ర వెడల్పు కొస కూడా అలాగే వంపు తిరగాలి. అప్పుడే పొరలు చీలవు. ఆ చెట్లకి డైబ్యాక్ అనే శిలీంధ్రపు తెగులు 2012లో ఐర్లాండ్‌లో బయటపడింది. అసలే చాలా కలప బయటి దేశాల నుంచి వస్తోంది. అందుకే ఇప్పుడు వెదురు హర్లీలు, ప్లాస్టిక్ హర్లీలు కూడా వచ్చాయి. చిన్నపిల్లలకి ప్లాస్టిక్‌వి చాలు.

చీలిన కర్రని పారేయకండి. చీలికలోకి కలప జిగురు ఎక్కించి, తాడుతో గట్టిగా బిగించి ఒక రాత్రి ఉంచి, వెడల్పు కొస చుట్టూ కొత్త రేకు పట్టీ వేసి చిన్న మేకులు కొడతారు. ఇక్కడ ప్రతి వీధిలో ఆ పని వచ్చినవాళ్లు ఎవరో ఒకరుంటారు. ఫుట్‌బాల్ ఊళ్లలో ఉండరు, అదీ ఒక కష్టమే. మీ క్లబ్బులో ఒక్కరు నేర్చుకున్నా సగం డబ్బు మిగులుతుంది. లౌత్_నాన్న గారూ, మా పిల్లలు ఎదిగిపోయి వాడని హర్లీలు గరాజ్‌లో పడున్నాయి. అడ్రస్ మెసేజ్ చేయండి, పంపిస్తాను.

లౌత్_నాన్న

అక్కా, చాలా చాలా థాంక్స్. మెసేజ్ పెట్టాను.

అందరి మాటలూ మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. వచ్చే వారం క్లబ్బు మీటింగ్‌లో రెండు విషయాలు అడుగుతున్నాను. ఒకటి టాన్ ఓగ్ లీగ్. రెండోది, ఫుట్‌బాల్ కోచ్‌తో కూర్చుని వారాలు పంచుకోవడం. ఆయన మంచివాడే, నేనే ఇన్నాళ్లూ నేరుగా అడగలేదు. ఫుట్‌బాల్ పిల్లలు హర్లింగ్‌కి వస్తే వాళ్ల చేతులు, చూపు ఇంకా చురుకవుతాయని ఆయనకి చెప్తాను. మాయో_అమ్మ గారి మాట పట్టుకుని మన డండాక్ తెలుగు గ్రూపులో ఈ రోజే మెసేజ్ పెట్టాను. శనివారం పదిన్నరకి, హర్లీ హెల్మెట్ మేమే ఇస్తాం, రండి అని. ఇప్పటికే ముగ్గురు పిల్లల అమ్మానాన్నలు అడిగారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు.

డ్రోగెడా_శ్రీను

అన్నా, మా పెద్దాడికి పదేళ్లు, క్రికెట్ ఆడతాడు. శనివారం తీసుకొస్తాను. ఎడంచేతి వాటం. అయితే వాడికి ఎడమచెయ్యి పైన ఉండాలి, అంతే కదా కోచ్ గారూ?

లూకన్_కోచ్

అంతే. టేపు పైన చుట్టండి. ముప్పై అంగుళాల దగ్గర మొదలుపెట్టి, కొనేముందు వాణ్ణి నిలబెట్టి కొలిచి చూసుకోండి.